కణం లేదా, ఉండీ పలకడం లేదా?

(భీమవరంలోని ఒక డిగ్రీ కళాశాలలో బయోటెక్నాలజీ, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

గోదావరి డెల్టాలో నిలబడి రోగనిరోధక శక్తి గురించి మాట్లాడాలంటే బోదకాలుతోనే మొదలుపెట్టాలనిపిస్తుంది. మీ ఇంట్లో నాయనమ్మనో తాతయ్యనో అడగండి, ఫైలేరియా జ్వరం అంటే ఏంటో వాళ్లే చెప్తారు. చలి పుట్టుకొస్తుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది, కాలు ఎర్రగా వాచిపోతుంది. నాలుగు రోజులకి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. అలా వచ్చి పోయి, చివరికి వాపు ఉండిపోతుంది. మురుగు నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ, అది మోసుకొచ్చే ఉకరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు, ఇవీ దీనికి కారణాలు. ఆరోగ్య శాఖ వాళ్లు రాత్రిపూట వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు. పురుగు పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, రాత్రిళ్లే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కాబట్టి ఆ వేళకి వస్తారు.

దానికి వాడే డీఈసీ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనకి సారథ్యం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో ఈ భీమవరంలోనే పుట్టారు. ఈ మందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం ఒకటుంది. గాజు గొట్టంలో మైక్రోఫైలేరియాలు పోసి, ఒంట్లో ఉండేంత మోతాదులో మందు కలిపితే అవి పెద్దగా చావవు. అదే మందు మనిషికి ఇస్తే కాసేపట్లోనే రక్తంలోంచి చాలామటుకు మాయమవుతాయి. అంటే మందు ఒక్కటే పని చెయ్యడం లేదు, శరీరంలోని రక్షణ కణాలు దానికి తోడవుతున్నాయి.

ఇక అసలు చిక్కుముడి చూడండి. ఒకే వీధి, ఒకే మురుగు కాలవ, అవే దోమలు. ఒకరికి ఏమీ కాదు. ఇంకొకరి రక్తంలో ఏళ్ల తరబడి లక్షల మైక్రోఫైలేరియాలు తిరుగుతుంటాయి, మనిషి మాత్రం శుభ్రంగా పనికి వెళ్లొస్తుంటాడు. మూడో మనిషికి రక్తంలో పురుగు పిల్ల ఒక్కటీ కనపడదు, కాలు మాత్రం ఏనుగు కాలవుతుంది. ఈ తేడా ఎందుకు? దీనికి చాలా కారణాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది ఆ పురుగుని గుర్తుపట్టే హెల్పర్ టీ కణాల తీరు. ఆ కణాలను ల్యాబులో ఎలా పట్టుకుంటారో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

హెల్పర్ టీ కణం అంటే ఉపరితలం మీద సీడీ4 అనే ప్రొటీన్ ఉన్న తెల్ల కణం. యాంటీబాడీ తయారు చెయ్యమని బీ కణానికి, మింగిన సూక్ష్మజీవిని నాశనం చెయ్యమని మాక్రోఫేజ్‌కి సంకేతం పంపేది ఇదే. హెచ్‌ఐవీ ముఖ్యంగా దెబ్బతీసేది వీటినే, అందుకే హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో సీడీ4 కౌంట్ చూస్తారు. అయితే ఆ కౌంట్ మొత్తం సీడీ4 కణాల లెక్క. వాటిలో క్షయ క్రిమిని గుర్తుపట్టేవి ఎన్ని, ఫైలేరియా పురుగుని గుర్తుపట్టేవి ఎన్ని అన్నది ఆ కాగితంలో ఉండదు. ఒక్కో టీ కణం మీద ఒక్కో రకం రిసెప్టర్ ఉంటుంది. అది పురుగుని నేరుగా చూడదు. వేరే కణం ఆ పురుగు ప్రొటీన్‌ని మింగి, ముక్కలు చేసి, సాధారణంగా 13 నుంచి 25 అమైనో ఆమ్లాల పొడవున్న పెప్టైడ్‌ని హెచ్‌ఎల్‌ఏ క్లాస్ టూ అనే అణువు గాడిలో పెట్టి చూపిస్తుంది. హెల్పర్ కణం పెప్టైడ్‌నీ హెచ్‌ఎల్‌ఏనీ కలిపి ఒకటిగా గుర్తుపడుతుంది. రెండిట్లో ఏది మారినా గుర్తుపట్టదు. ఈ హెచ్‌ఎల్‌ఏ రకం మనిషి మనిషికీ మారుతుంది. 1974లో జింకర్‌నాగెల్, డోహెర్టీ ఈ సూత్రాన్ని కిల్లర్ టీ కణాల్లో, అంటే సీడీ8 ప్రొటీన్ ఉండి, సోకిన కణాలను చంపేవాటిలో చూపించారు. 1996లో దానికే నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఒక మైక్రోలీటరుకి సుమారు 1,000 సీడీ4 కణాలు అనుకోండి. 10 మిల్లీలీటర్లు తీస్తే కోటి కణాలు. ఇంతవరకూ ఒంట్లోకి రాని ఒక పెప్టైడ్‌ని గుర్తుపట్టేవి దాదాపు పది లక్షల్లో ఒకటి ఉంటాయి. అంటే ఆ గొట్టం మొత్తంలో పది కణాలు! టీకా వేసుకున్నాకో జబ్బు పడి లేచాకో అవి పెరిగి, పది వేలకి ఒకటో వెయ్యికి ఒకటో అవుతాయి. ఇంత తక్కువ సంఖ్యలో ఉన్నవాటిని ఏరడమే ఈ పరికరాల పని.

ఏరడానికి దారులు రెండు. కణాన్ని కదిలించి, అది పలికితే లెక్కపెట్టడం ఒక దారి. అది పలికినా పలకకపోయినా, దాని రిసెప్టర్‌ని బట్టి గుర్తుపట్టడం రెండోది. ఈ రెండిటికీ తేడా మనసులో పెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కదిలించి చూసే పరీక్షల్లో అన్నిటికంటే పాతది మన చర్మం మీదే జరుగుతుంది. క్షయ క్రిమి సోకిందా అని చూసే మాంటూ పరీక్ష. ముంజేతిలోకి ఆ క్రిమి ప్రొటీన్లున్న ట్యూబర్‌క్యులిన్ ఎక్కించి, 48 నుంచి 72 గంటల తర్వాత గట్టిపడిన చోటుని స్కేలుతో కొలుస్తారు. ఎర్రదనాన్ని కొలవకూడదు, గట్టిదనాన్నే కొలవాలి. ఆ గట్టిదనం క్షయ క్రిమిని ఎరిగిన హెల్పర్ కణాలు అక్కడికి చేరి మిగతా కణాలను పిలిపించడం వల్ల వచ్చింది. దీని ఇబ్బంది ఏంటంటే, ట్యూబర్‌క్యులిన్‌లో ఉన్న ప్రొటీన్లు చాలావరకు బీసీజీ క్రిమిలో కూడా ఉంటాయి. పుట్టగానే బీసీజీ వేయించుకున్న మన దేశంలో పాజిటివ్ వస్తే అది టీకా వల్లా, నిజంగా క్షయ క్రిమి సోకడం వల్లా అన్న టెన్షన్ మిగిలిపోతుంది.

అందుకే ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్లను ఎంచుకున్నారు. క్షయ క్రిమిలో ఉండి, బీసీజీలో లేనివి అవి. రక్తాన్ని వాటి పెప్టైడ్లతో 37 డిగ్రీల దగ్గర 16 నుంచి 24 గంటలు ఉంచితే, ఎరిగిన కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రొటీన్ విడుదల చేస్తాయి. దాన్ని ఎలీసా అనే యాంటీబాడీ పరీక్షతో కొలుస్తారు. మీలో ఎంఎల్‌టీ చదివేవాళ్లు ఈ పరీక్షకున్న క్వాంటిఫెరాన్ అనే పేరు వినే ఉంటారు. అందులో నాలుగు గొట్టాలుంటాయి. రెండిట్లో క్షయ పెప్టైడ్లు ఉంటాయి. ఒకటి ఏమీ లేని గొట్టం. నాలుగోది మైటోజెన్ గొట్టం, ఏ టీ కణాన్నయినా కదిలించే పదార్థం ఉన్నది. ఆ నాలుగోదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. క్షయ గొట్టాల్లో ఏమీ రాలేదు, మైటోజెన్ గొట్టంలోనూ ఏమీ రాలేదు అంటే రిపోర్టులో నెగెటివ్ అని రాయడానికి వీల్లేదు. ఆ కణాలు దేనికీ పలకడం లేదు, కాబట్టి నిర్ణయించలేం అనే రాయాలి. రోగికి సీడీ4 కణాలు బాగా తగ్గి ఉండొచ్చు, రక్తం గంటల తరబడి ఎండలో ఉండిపోయి ఉండొచ్చు. పాజిటివ్ వచ్చినా అది క్రిమి సోకిందని మాత్రమే చెప్తుంది. జబ్బు ఇప్పుడు ముదురుతోందా, నిద్రాణంగా ఉందా అన్నది చెప్పలేదు.

[సభలోంచి ఒక రొయ్యల రైతు: "ఆయ్, మేడం గారూ, ఇన్ని పరీక్షలు వచ్చాయి కదండీ, మరి వైట్ స్పాట్ వైరస్ జబ్బుకి రొయ్యల్లో టీకా ఎందుకు రాలేదండీ?"]

మంచి ప్రశ్న అడిగారండీ. రొయ్యకి టీ కణాలు లేవు, యాంటీబాడీలూ లేవు. ఇవి వెన్నెముక ఉన్న జీవుల్లోనే వచ్చాయి. రొయ్యకి వేరే రక్షణ ఉంది కానీ, మనం ఒకసారి చూపిస్తే గుర్తుపెట్టుకునే ఇలాంటి కణాలు దానికి లేవు. పక్క చెరువులో మీరు పెంచే శీలావతికి, బొచ్చెకి ఉన్నాయి. వాటికి టీకా ఆలోచన పనికొస్తుంది. ఇంకో మాట, సీడు టెస్టింగుకి మీరు వెళ్లే పీసీఆర్ ల్యాబులో వైరస్ జన్యువు ఉందా లేదా అని చూస్తారు. నేను చెప్పేది దానికి అవతలి వైపు సంగతి: క్రిమిని చూసిన శరీరం ఏం చేస్తోందన్నది.

మళ్లీ బోదకాలు దగ్గరికి వద్దాం. 1977లో ఆటెసెన్, ఆయన సహచరులు పసిఫిక్ ద్వీపవాసుల్లో ఒక పరిశీలన ప్రచురించారు. రక్తం నుంచి లింఫోసైట్లను, అంటే టీ, బీ కణాలుండే తెల్ల కణాలను తీసి, పురుగు యాంటిజెన్‌తో, అంటే రోగనిరోధక కణాలు గుర్తుపట్టే దాని పదార్థంతో కలిపి, అవి విభజన చెందుతున్నాయా అని చూశారు. ఆ రోజుల్లో దీనికి రేడియోధార్మిక థైమిడిన్ వాడేవారు, విభజించే కణం దాన్ని తన డీఎన్‌ఏలోకి తీసుకుంటుంది. రక్తంలో మైక్రోఫైలేరియాలున్న వాళ్ల కణాలు పురుగు యాంటిజెన్‌కి పలకలేదు. అవే కణాలు వేరే యాంటిజెన్లు ఇస్తే మామూలుగానే పలికాయి. అంటే మనిషికి రోగనిరోధక శక్తి లేకపోవడం కాదిది. ఈ ఒక్క పురుగు విషయంలోనే మౌనం.

ఇక్కడే నా ప్రసంగానికి పెట్టిన ప్రశ్న వస్తుంది. పలకని చోట కణం అసలు లేదా? ఉండీ నోరు నొక్కుకుని ఉందా? థైమిడిన్ పరీక్షకి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ వైద్యానికి సంబంధించినంతవరకు ఈ రెండూ వేరు. కణం లేకపోతే టీకాతో పుట్టించాలి. ఉండీ పలకకపోతే దాన్ని అణచిపెడుతున్నది ఏదో తీసెయ్యాలి. తర్వాతి పరిశోధనల్లో రెండిటికీ ఆధారాలు దొరికాయి. పురుగుని ఎరిగిన కణాల సంఖ్య తగ్గడమూ నిజమే, ఇంటర్‌ల్యూకిన్-10 లాంటి సంకేతాలు ఉన్నవాటిని అణచడమూ నిజమే. చికిత్స తర్వాత కొందరిలో స్పందన తిరిగి రావడం కూడా చూశారు. అంతకుముందు లేని కణం మాత్రతో పుట్టుకురాదు కదా, కొంతభాగమైనా అక్కడే దాక్కుని ఉండి ఉండాలి.

కదిలించి చూసే పద్ధతులు తర్వాత చాలా పదునెక్కాయి. ఎలిస్పాట్ అనే పరీక్షలో పళ్లెం అడుగున ఉన్న పొర, కణం విడుదల చేసిన సైటోకైన్‌ని, అంటే గామా ఇంటర్‌ఫెరాన్ లాంటి సంకేత ప్రొటీన్‌ని, అక్కడికక్కడే పట్టేస్తుంది. రంగు వేస్తే ఒక్కో కణానికి ఒక్కో చుక్క. 1983లో యాంటీబాడీలు స్రవించే కణాల కోసం మొదలైన ఈ పద్ధతిని 1988కి టీ కణాలకీ వాడారు. లక్ష కణాల్లో నాలుగైదు పలికినా తెలిసిపోతుంది, అదే దీని బలం. ఆ చుక్క సీడీ4 కణం పెట్టిందా, సీడీ8 కణం పెట్టిందా అన్నది మాత్రం కణాలను ముందే వేరు చేస్తే తప్ప చెప్పలేం. అది తెలియాలంటే బ్రెఫెల్డిన్ అనే రసాయనం వేసి సైటోకైన్‌ని కణం లోపలే ఆపి, ఫిక్స్ చేసి, పొరకి రంధ్రాలు పెట్టి, రంగు యాంటీబాడీలతో ఫ్లో సైటోమీటర్లో, అంటే కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి రంగు చూసే యంత్రంలో, చూడాలి. ఒకే కణం ఏయే సైటోకైన్లు చేస్తోందో కనపడుతుంది, కాకపోతే ఈ పనితో కణం చచ్చిపోతుంది. సీఎఫ్ఎస్ఈ అనే రంగు ఇంకో తోవ. కణం విభజించిన ప్రతిసారీ రంగు సగమవుతుంది, ఎన్ని తరాలు గడిచాయో లెక్కపెట్టొచ్చు. రేడియోధార్మికత లేకుండానే పని జరుగుతుంది.

కరోనా కాలంలో అందరి నోటా పడింది ఏఐఎం, అంటే కదిలిన కణం మీద మొలిచే గుర్తులను చూసే పరీక్ష. దీనికి సైటోకైన్ అక్కర్లేదు. పెప్టైడ్లతో దాదాపు ఒక రోజు ఉంచాక ఓఎక్స్40, సీడీ137, సీడీ154 లాంటి గుర్తులు కణం మీద మొలిచాయా అని చూస్తారు. ఏ సైటోకైన్ చేస్తుందో ముందు తెలియకపోయినా పట్టుకోవచ్చు, హెచ్‌ఎల్‌ఏ రకం తెలియక్కర్లేదు. 2020లో కాలిఫోర్నియాలోని లా హోయా సంస్థ వాళ్లు కోవిడ్ నుంచి కోలుకున్న అందరిలోనూ వైరస్‌ని ఎరిగిన సీడీ4 కణాలు చూశారు. మరింత ఆశ్చర్యం ఏంటంటే, ఆ వైరస్ పుట్టకముందు, 2015–18 మధ్య నిల్వ చేసిన రక్త నమూనాల్లోనూ 40 నుంచి 60 శాతం వాటిలో అలాంటి కణాలు కనపడ్డాయి. జలుబు తెచ్చే పాత కరోనా వైరస్‌లను చూసిన కణాలు కొత్తదాన్నీ కొంత గుర్తుపడుతున్నాయని తర్వాత తేలింది. ఇంత మేలు చేసిన పరీక్షకీ ఒక లోపం ఉంది. పక్క కణం విడుదల చేసిన సంకేతాలకి, యాంటిజెన్‌తో సంబంధం లేని కణం మీద కూడా ఈ గుర్తులు కొన్ని మొలవొచ్చు. ఏమీ కలపని నియంత్రణ గొట్టాన్ని అందుకే ఎప్పుడూ పక్కనే నడపాలి.

ఇక రెండో దారి, టెట్రామర్. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇది, ఎక్కువ కష్టపెట్టేదీ ఇదే.

ఆలోచన చాలా సులువు. టీ కణం హెచ్‌ఎల్‌ఏ, పెప్టైడ్ జంటని గుర్తుపడుతుంది కదా, ఆ జంటనే తయారుచేసి రంగు అంటించి కణాల్లో కలిపితే సరిపోతుంది. కానీ రిసెప్టర్‌కి ఆ జంటతో ఉండే బంధం బలహీనమైనది, చాలాసార్లు సెకన్లలోనే వదిలేస్తుంది. 1996లో స్టాన్‌ఫోర్డ్‌లో ఆల్ట్‌మన్, డేవిస్, వాళ్ల సహచరులు దీనికి ఉపాయం పట్టుకున్నారు. జంట తోకకి బయోటిన్ అనే చిన్న అణువు అంటించారు. స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌కి బయోటిన్‌ని పట్టుకునే చోట్లు నాలుగున్నాయి కాబట్టి నాలుగు జంటలు ఒకే అణువు మీద కూర్చుంటాయి. ఆ నాలుగింటి కట్టే టెట్రామర్. రేవులో పంటుని ఒక్క తాడుతో కడితే అది జారగానే పంటు ప్రవాహంలోకి పోతుంది. నాలుగు తాళ్లు కడితే ఒకటి జారినా మిగతావి ఆపుతాయి, జారిన తాడుని మళ్లీ కట్టుకునే వ్యవధి దొరుకుతుంది. టెట్రామర్ నిలబడేది అలాగే. దీంతో కణాన్ని కదిలించకుండా, అది ప్రాణంతో ఉండగానే, పలికేదో పలకనిదో అన్న భేదం లేకుండా పట్టుకోగలిగాం.

ఆ 1996 టెట్రామర్ క్లాస్ వన్‌ది, అంటే సీడీ8 కణాల కోసం. హెల్పర్ కణాలకి కావలసిన క్లాస్ టూ టెట్రామర్లు 1990ల చివరికి వచ్చాయి. వాటితో బాధ ఎక్కువ. క్లాస్ టూ అణువులోని ఆల్ఫా, బీటా గొలుసులను కణపు పొర నుంచి విడదీస్తే అవి ఊడిపోతాయి, వాటిని జతగా నిలపడానికి అదనపు ప్రొటీన్ ముక్కలు అతికించాలి. గాడి రెండు వైపులా తెరుచుకుని ఉంటుంది కాబట్టి పెప్టైడ్ అటూ ఇటూ జరిగి తప్పు స్థానంలో కూర్చోవచ్చు. హెల్పర్ కణాల బంధం సాధారణంగా సీడీ8 కణాల కంటే బలహీనం. అందుకే చల్లగా కాకుండా 37 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఉంచుతారు, కొందరు రిసెప్టర్ లోపలికి జారిపోకుండా దాసటినిబ్ అనే మందు కలుపుతారు. అరుదైన కణాలకి అయస్కాంత పూసలు వాడి ముందే పోగుచేస్తారు. మిన్నెసోటాలో మార్క్ జెంకిన్స్ బృందం 2007లో ఇలాగే ఎలుక మొత్తంలో వెతికి, ఒక పెప్టైడ్‌కి సరిపడే నైవ్, అంటే ఇంకా దాన్ని ఎదుర్కోని, సీడీ4 కణాలు 20 నుంచి 200 వరకే ఉంటాయని లెక్క తేల్చింది. ఒక ఎలుకలో ఇరవై కణాలను లెక్కపెట్టగలగడం ఎంత గొప్ప పనో ఒకసారి ఆలోచించండి.

టెట్రామర్‌తో రంగు పడిన ప్రతి చుక్కనీ నమ్మకండి. చచ్చిన కణాలు రంగుని పీల్చుకుంటాయి, బీ కణాలు, మోనోసైట్లు ఊరికే అంటించుకుంటాయి. వాటిని విడిగా గుర్తించి తీసెయ్యాలి. మన శరీరానిదే అయిన క్లిప్ అనే పెప్టైడ్‌తో చేసిన నియంత్రణ టెట్రామర్‌ని, పోల్చి చూడటానికి, పక్కనే వాడాలి. వీలైతే ఒకే టెట్రామర్‌ని రెండు రంగుల్లో వేసి, రెండూ అంటుకున్న కణాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఇంకో సంగతి. టెట్రామర్‌కి కనపడనంత మాత్రాన కణం లేదని తీర్పు చెప్పడానికీ లేదు, బంధం మరీ బలహీనంగా ఉన్న కణాలు నాలుగు తాళ్లకీ నిలవవు. అందుకని ఒకే నమూనాని రెండు దారుల్లోనూ చూసినవాళ్ల మాటనే నేను ఎక్కువ నమ్ముతాను.

సీలియాక్ జబ్బులో టెట్రామర్లు బాగా పనిచేశాయి. గోధుమలోని గ్లూటెన్‌కి వచ్చే జబ్బు అది. రోగుల్లో అత్యధికులకి హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2.5 అనే ఒకే రకం ఉంటుంది, పెప్టైడ్లూ తెలుసు. మరి బోదకాలుకి? దాని దగ్గరి బంధువు బ్రూజియా మలయి జన్యుపటం 2007లో వచ్చింది, సుమారు 11,500 జన్యువులున్నాయి. వాటిలో ఏ ప్రొటీన్, అందులో ఏ పెప్టైడ్? ఆ పెప్టైడ్‌ని ఏ హెచ్‌ఎల్‌ఏ పట్టుకుంటుంది? టెట్రామర్లు మొదట ఐరోపా, అమెరికా జనాభాల్లో ఎక్కువగా ఉండే రకాలకి తయారయ్యాయి. మన దేశంలో చాలా జనాభాల్లో డీఆర్‌బీ1*15, డీఆర్‌బీ1*07 అనే హెచ్‌ఎల్‌ఏ రకాలు ఎక్కువ. పాలకొల్లులో ఒక మనిషి రక్తానికి వేరే హెచ్‌ఎల్‌ఏ టెట్రామర్ కలిపి, ఏమీ రాలేదని "కణాలు లేవు" అని రాస్తే అది అన్యాయం. అడగకూడని ప్రశ్న అడిగి, జవాబు రాలేదన్నట్టు ఉంటుంది. ఈ డెల్టా జనం హెచ్‌ఎల్‌ఏ రకాలను సరిగ్గా తెలుసుకుని, వాటికి తగ్గ పరికరాలు ఇక్కడి వాళ్లే తయారుచెయ్యాలని నా గట్టి కోరిక.

[ఒక విద్యార్థిని: "మేడమ్, మా కాలేజీలో ఫ్లో సైటోమీటర్ లేదు. టెట్రామర్ అయితే ఫోటోలోనే చూశాం. ఇప్పుడు మేం ఏం నేర్చుకోవాలి?"]

కణాలను బతికించడం నేర్చుకో తల్లీ. ఖరీదైన యంత్రం ముందుకి వచ్చే నమూనాల్లో చాలా భాగం దారిలోనే పాడవుతాయి. నర్సాపురం అవతలి పల్లెలో, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన గొట్టంలోకి రక్తం తీశారనుకో. అలవాటు కొద్దీ ఐసు పెట్టెలో పెట్టేస్తారు. పెట్టకూడదు. ఈ పనికి గది ఉష్ణోగ్రతే కావాలి, అలాగని మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టినా పోయినట్టే. థర్మోకోల్ పెట్టెలో, గది వేడికి తెచ్చిన జెల్ ప్యాకుల మధ్య పెట్టి, ఎనిమిది గంటల్లోపు ల్యాబుకి చేర్చాలి. కణాలను వేరు చేసే ఫైకాల్ అనే ద్రవం మీద మెల్లగా, గోడ వెంబడి రక్తం పొయ్యాలి, పొరలు కలవకూడదు. సెంట్రిఫ్యూజ్ ఆగేటప్పుడు బ్రేకు వెయ్యకూడదు. మధ్యలో తెల్లటి పొర తేలుతుంది, నీ హెల్పర్ కణాలన్నీ అందులోనే. ట్రైపాన్ బ్లూ వేసి మామూలు మైక్రోస్కోపు కింద లెక్కపెట్టు, నీలంగా మారినవి చచ్చినవి. నిల్వ చెయ్యాలంటే, గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్ఓ అనే ద్రవం 10 శాతం కలిపి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, తర్వాత ద్రవ నైట్రోజన్‌లోకి దించాలి. కరిగించాక వెంటనే పరీక్ష పెట్టకుండా ఒక రాత్రి ఇన్‌క్యుబేటర్లో తేరుకోనివ్వాలి.

ఎలిస్పాట్‌కి పెద్ద యంత్రం లేకపోయినా పని మొదలుపెట్టొచ్చు, చుక్కలను డిసెక్షన్ మైక్రోస్కోపు కింద లెక్కపెట్టొచ్చు. మీ మాస్టారు ఒప్పుకుంటే వచ్చే సెమిస్టర్‌లో ధనుర్వాతం టీకా యాంటిజెన్‌తో చేసి చూడండి. ఆ టీకా దాదాపు అందరికీ పడి ఉంటుంది, కాబట్టి పలికే కణాలు చాలామందిలో దొరకాలి. దొరకకపోతే ముందు కణాలు బతికున్నాయా అని చూడండి, మైటోజెన్ గుంటలో చుక్కలు వచ్చాయా అని చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉన్నాకే ఆ మనిషి కణాల గురించి మాట్లాడండి.